కాన్పు ఎక్కడ, బాలింతతనం ఎక్కడ: మ్యూనిక్ నుంచి వచ్చిన ఒక ఉత్తరానికి సమాధానం

ప్రశ్న: నమస్కారం. మాది తెనాలి. నాలుగేళ్ళుగా నా భర్తతో జర్మనీలోని మ్యూనిక్‌లో ఉంటున్నాను. ఆయన 2017లో చదువు కోసం వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో కుదురుకుని, శాశ్వత నివాస అనుమతి కూడా తెచ్చుకున్నారు. నేను ఆయన భార్యగా ఇచ్చిన అనుమతి మీద ఉంటూ ఒక సరుకు రవాణా సంస్థ కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఇది నా తొలి కాన్పు. ఇప్పుడు 22వ వారం నడుస్తోంది; మే 20న పురుడని డాక్టరు చెప్పారు. సంక్రాంతి నాడు ఫోనులో అమ్మ, "తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి, ఏడో నెలలో వచ్చెయ్యి" అంటూ ఏడ్చినంత పని చేసింది. నాన్నకు రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. ఆయనను వదిలిపెట్టి అమ్మ మూడు నెలలు ఇక్కడ ఉండలేదు. అత్తగారు ఒంగోలు నుంచి వస్తానంటున్నారు. ఆమె మంచివారే గాని, ఆ స్థితిలో ఆమె ముందు ఉండాలంటే నాకు బిడియం. బిడ్డ పుట్టాక ఈ మూడో అంతస్తు ఇంట్లో, వేణ్ణీళ్ళు పెట్టిచ్చే మనిషి కూడా లేకుండా ఎలా గడుస్తుందోనని రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. జర్మన్ భాష నాకు అంతంత మాత్రమే. నా భర్త "నీ ఇష్టం" అంటున్నారు. ఊరు వెళ్ళి కనాలా, ఇక్కడే కనాలా?

సమాధానం: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. కాన్పు ఎక్కడ కావాలని మీరు అడిగారు గాని, నొప్పుల గురించి, ఆసుపత్రి గురించి మీ భయాలలో దాదాపు ఏమీ లేదు. భాష రాదన్న ఒక్క వాక్యం తప్ప మిగిలిన దిగులంతా బిడ్డ పుట్టాక వచ్చే రోజుల గురించే. వేణ్ణీళ్ళు, మూడో అంతస్తు, అమ్మ దగ్గర లేకపోవడం, అత్తగారి ముందు బిడియం, ఇవన్నీ బాలింతతనానికి సంబంధించిన సంగతులు. మన భాషలో "పురుడు" అన్న ఒక్క మాటలోనే కనడమూ, కన్న తర్వాత కోలుకోవడమూ ఇమిడిపోయాయి, ఎందుకంటే ఒకప్పుడు ఆ రెండూ ఒకే ఇంట్లో, ఒకే గదిలో, ఒకే మంత్రసాని చేతి మీదుగా జరిగేవి. ఇప్పుడు మొదటిది ఆసుపత్రికి తరలిపోయింది. మీరు తెనాలి వెళ్ళినా కనేది పుట్టింట్లో కాదు, ఊళ్ళోనో గుంటూరులోనో విజయవాడలోనో ఏదో ఒక ఆసుపత్రిలో. పుట్టింట్లో ఈనాటికీ మిగిలి ఉన్నది రెండోది మాత్రమే. అందువల్ల మీ ప్రశ్నను రెండుగా విడదీసి చూస్తే గాని జవాబు తేలదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కాన్పు మ్యూనిక్‌లోనే కానివ్వండి. ఆ తర్వాతి మొదటి కొన్ని వారాలు అక్కడే తగిన ఏర్పాట్లతో గడిపి, మిగిలిన బాలింతతనాన్ని పిల్లతోనో పిల్లవాడితోనో తెనాలిలో తీర్చుకోండి. మీ పరిస్థితులలో ఏ ఒక్క అంశం వేరుగా ఉన్నా ఈ సలహా మారేది. ఎక్కడ మారేదో కూడా చెబుతాను.

అన్నిటికంటే బరువైనది మీ భర్తకు శాశ్వత నివాస అనుమతి ఉందన్న విషయం. దాని ప్రాముఖ్యాన్ని మీరిద్దరూ గమనించినట్టు మీ ఉత్తరంలో కనిపించలేదు. జర్మన్ పౌరసత్వ చట్టం ప్రకారం, విదేశీయులైన తల్లిదండ్రులకు జర్మనీలో పుట్టిన బిడ్డకు, ఆ ఇద్దరిలో ఒక్కరైనా అక్కడ 5 ఏళ్ళుగా చట్టబద్ధంగా నివసిస్తూ, గడువులేని నివాస హక్కు కలిగి ఉంటే, పుట్టుకతోనే జర్మన్ పౌరసత్వం వస్తుంది. 2024 జూన్ 27న కొత్త నిబంధన అమలులోకి రాకముందు ఈ గడువు 8 ఏళ్ళు ఉండేది. మీ భర్త వచ్చింది 2017లో గనుక మీ బిడ్డ విషయంలో ఈ షరతు తీరినట్టే. అయితే ఈ హక్కు పుట్టిన చోటుకు ముడిపడినది. అదే బిడ్డ తెనాలిలో పుడితే ఈ దారిలో అది రాదు. తర్వాత ఎప్పుడో మీరు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునేటప్పుడు మీతో పాటు అడగవలసి వస్తుంది.

అందుకే అక్కడే కనండని దీన్ని ఒక లాభంగా మాత్రమే చూపించడం న్యాయం కాదు. భారతదేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. మీ బిడ్డ జర్మన్ పాస్‌పోర్టుతో పెరిగితే మన దేశంలో ఓసీఐ కార్డుతో, అంటే విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే కార్డుతో, ఉండవలసిందే. ఓటు ఉండదు, పొలం వారసత్వంగా రావచ్చు గాని కొనడానికి వీలుండదు. తెనాలి చుట్టుపక్కల మాగాణి ఉన్న కుటుంబాలకు ఈ చివరి మాట చిన్నది కాదని నాకు తెలుసు. మన పిల్ల మన దేశస్థురాలు కాకుండా పోవడమేమిటని మీ నాన్నగారికి అనిపించవచ్చు, అలా అనిపించడంలో తప్పు లేదు. మీరిద్దరూ మరో రెండేళ్ళలో మూటాముల్లె సర్దుకుని శాశ్వతంగా తిరిగి వచ్చేయాలనే నిశ్చయంతో ఉంటే నేను ఈ అంశానికి ఇంత బరువు ఇవ్వను. శాశ్వత అనుమతి తెచ్చుకున్నవారు అలా అనుకుంటున్నట్టు తోచదు గనుక ఇస్తున్నాను.

ఇక బిడ్డ తెనాలిలో పుట్టిందనుకుని కాగితాల దారి ఒకసారి నడిచి చూడండి. మునిసిపాలిటీ నుంచి జనన ధ్రువపత్రం, దాని మీద పాస్‌పోర్టు, ఆ పాస్‌పోర్టు మీద తల్లిదండ్రులను చేరడానికి ఇచ్చే జర్మన్ వీసా, ఇవి ఒకదాని తర్వాత ఒకటిగా మాత్రమే జరుగుతాయి. అందులో వీసా ఎన్నాళ్ళకు వస్తుందో మన చేతిలో ఉండదు. పత్రం అసలైనదేనని విదేశాల కోసం మన దేశం వేసే అపోస్టిల్ ముద్రను జర్మనీ గుర్తించదు గనుక, ఏదైనా పత్రాన్ని విచారించి చూడాలని వారు అనుకుంటే అది నెలల పని అవుతుంది. మరోవైపు మీ సొంత అనుమతికి ఒక గడియారం నడుస్తూ ఉంటుంది. పెద్ద చదువుల ఉద్యోగులకు ఇచ్చే బ్లూ కార్డు ఉన్నవారికి, వారి కుటుంబానికి 12 నెలల వెసులుబాటు ఉంది గాని, మీ వంటి మామూలు నివాస అనుమతి, విదేశీయుల కార్యాలయం ముందుగా రాతపూర్వకంగా ఎక్కువ గడువు ఇస్తే తప్ప, 6 నెలలకు మించి జర్మనీ బయట ఉంటే దానంతటదే చెల్లకుండా పోతుంది. మీరు మార్చి మధ్యలో బయలుదేరితే సెప్టెంబరు మధ్యకు ఆ 6 నెలలు నిండుతాయి. మే నెలాఖరుకు పుట్టిన బిడ్డకు మూడున్నర నెలల లోపల మూడు కార్యాలయాల పని పూర్తి కావాలి. కావచ్చు, చాలామందికి అయింది కూడా. కాని పచ్చి బాలింతగా ఉండి, తలకు గుడ్డ కట్టుకుని, ఫోటోలో పసిబిడ్డ కళ్ళు తెరవలేదని పాస్‌పోర్టు దరఖాస్తు వెనక్కి వస్తే మళ్ళీ వరుసలో నిలబడడం మీ అమ్మగారు ఊహించుకుంటున్న విశ్రాంతి కాదు.

డబ్బు సంగతి కూడా చూడాలి. జర్మనీలో మీకు పురుటికి 6 వారాల ముందు నుంచి, అంటే మీ లెక్కలో ఏప్రిల్ 8 నుంచి, కాన్పయ్యాక 8 వారాల వరకు ప్రసూతి రక్షణ కాలం ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టినా, కవలలైనా ఆ 8 వారాలు 12 అవుతాయి. ఈ కాలంలో మీ ఆరోగ్య బీమా సంస్థ రోజుకు 13 యూరోల వరకు ఇస్తే, మీ చేతికి వచ్చే జీతానికి తక్కువైన మిగతా సొమ్మును యజమాని కలుపుతాడు. అమ్మగారు అన్నట్టు ఏడో నెలలో విమానం ఎక్కితే, మార్చి మధ్యకూ ఏప్రిల్ 8కీ నడుమ మూడు నాలుగు వారాల ఖాళీ పడుతుంది. దాన్ని మీ ఏడాది సెలవులతో పూడ్చుకోవాలి. తెనాలి నుంచి కంప్యూటరులో పనిచేస్తానంటే యజమాని ఒప్పుకోవాలి. పన్నుల, సామాజిక బీమాల చిక్కుల వల్ల చాలా సంస్థలు ఒప్పుకోవు. ప్రసూతి భత్యానికి కావలసిన, పురుటి తేదీ తెలిపే డాక్టరు పత్రం కూడా ఆ తేదీకి 7 వారాల ముందు గాని ఇవ్వరు. అప్పటికి మీరు తెనాలిలో ఉంటారు.

ఆ తర్వాత వచ్చేది ఎల్టర్న్‌గెల్డ్, అంటే పసిబిడ్డను చూసుకునే తల్లిదండ్రులకు ప్రభుత్వం ఇచ్చే భత్యం. మీ స్థాయి జీతాలకు నికర ఆదాయంలో దాదాపు 65 శాతం, నెలకు 300 యూరోలకు తగ్గకుండా 1,800 యూరోలకు మించకుండా ఇస్తారు. దీనికి ప్రధానమైన షరతు జర్మనీలో నివాసం ఉండడం, బిడ్డ మీ ఇంట్లో మీతో ఉండడం. కొద్దికాలం స్వదేశానికి వెళ్ళి రావడం వేరు, బిడ్డ ఇంకా జర్మనీలో అడుగే పెట్టకుండా దరఖాస్తు చేయడం వేరు. రెండో సందర్భంలో ఆ కార్యాలయం ప్రశ్నలు వేయడం సహజం. దరఖాస్తు చేసిన నెలకు ముందు 3 నెలలకు మించి వెనకటి సొమ్ము ఇవ్వరు గనుక ఆలస్యం చేసిన కొద్దీ నష్టపోతారు.

ఆసుపత్రుల విషయంలో ఆత్మాభిమానం పక్కన పెట్టి మాట్లాడుకుందాం. మన ఊళ్ళలో మంచి డాక్టర్లకు కొదవ లేదు. తొలి నెల నుంచి చూసిన డాక్టరమ్మే కాన్పు చేయడం, మన భాషలో ధైర్యం చెప్పడం, పక్కన అమ్మో పిన్నో ఉండడం, వీటికి మ్యూనిక్ ఆసుపత్రిలో సాటి దొరకదు. అక్కడ మిమ్మల్ని నెలనెలా చూసిన డాక్టరు వేరు, కాన్పు గదిలో ఆ పూట పనిలో ఉండే మంత్రసాని వేరు. అయితే 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు కోతతో జరిగాయి. ప్రైవేటు ఆసుపత్రులలో అది 63. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులలోనైతే 80 దాటింది. జర్మనీలో కూడా దాదాపు మూడింట ఒక వంతు కాన్పులు శస్త్రచికిత్సతోనే జరుగుతాయి గనుక అక్కడంతా సహజ కాన్పులేనని భ్రమపడకూడదు. కాని రోహిణీ నక్షత్రం దాటకముందే బిడ్డను తీయమని పంతులుగారి చీటీతో డాక్టరు దగ్గరికి వెళ్ళే బంధువులు అక్కడ ఉండరు. మీ ఇంట్లో అలాంటివారు లేకపోతే ఈ వాక్యాన్ని వదిలేయండి.

ఖర్చు మాట ఎవరూ ముందుగా చెప్పరు. మ్యూనిక్‌లో పరీక్షలు, కాన్పు, శస్త్రచికిత్స, నెలలు నిండని బిడ్డకు కావలసిన చికిత్స, అన్నీ మీ చట్టబద్ధ ఆరోగ్య బీమా భరిస్తుంది. ఆ బీమా భారతదేశంలో చెల్లదు. ప్రయాణ బీమాలు ముందే అనుకుని వెళ్ళిన కాన్పును సాధారణంగా మినహాయిస్తాయి. మన దేశపు ఆరోగ్య బీమాలో ప్రసూతికి నిరీక్షణ కాలం ఉంటుంది గనుక ఇప్పుడు కొన్నా పనికిరాదు. మామూలు కాన్పయితే మీరు తేలికగా భరించగలరు. బిడ్డ పది పదిహేను రోజులు నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో ఉండవలసి వస్తే ఆ బిల్లు పూర్తిగా మీ చేతి నుంచే పోతుంది.

మీరు నా మాట కాదని వెళ్ళాలనే నిర్ణయించుకుంటే కూడా తప్పు చేస్తున్నారని అనను, కాని ఈ జాగ్రత్తలు తీసుకోండి. 24వ వారానికీ 28వ వారానికీ మధ్య చేసే గర్భకాల మధుమేహ పరీక్ష ఫలితం చూడకుండా టికెట్టు కొనకండి. మన జాతి స్త్రీలకు ఈ వ్యాధి ఐరోపా వారికంటే ఎక్కువగా వస్తుంది. మాయ కిందికి ఉండడం, రక్తపోటు, రక్తస్రావం, గర్భాశయ ముఖద్వారం పొట్టిగా ఉండడం, కవలలు, వీటిలో ఏది ఉన్నా ప్రయాణం గురించి డాక్టరు మాటే ఆఖరు మాట. విమాన సంస్థలు ఒక్క బిడ్డయితే సాధారణంగా 36 వారాల వరకు ఎక్కనిస్తాయి, 28 వారాలు దాటితే డాక్టరు పత్రం అడుగుతాయి. అయినా చివరి అంచు వరకు ఆగవద్దు. గర్భిణికి కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ గనుక నడవా పక్క సీటు తీసుకుని, గంటకొకసారి లేచి నాలుగడుగులు నడిచి, నీళ్ళు బాగా తాగి, డాక్టరు చెబితే బిగుతు మేజోళ్ళు వేసుకోవాలి. బెల్టు పొట్ట కింద నుంచి పెట్టుకోవాలి. మీ పరీక్షలన్నీ రాసి ఉండే ముట్టర్‌పాస్ పుస్తకం జర్మన్‌లో ఉంటుంది. రక్త వర్గం, స్కానింగులు, మధుమేహ పరీక్ష ఉన్న పేజీలను ఇంగ్లీషులో రాయించుకుని చేతి సంచిలో పెట్టుకోండి. అక్కడి స్కానింగు కాగితాలలో ఆడో మగో రాసి ఉంటే దాన్ని ఇక్కడి డాక్టరు ముందు ప్రస్తావించకండి. 1994 నాటి చట్టం వల్ల వారు ఇబ్బంది పడతారు. మన పెద్దలు ఏడో నెలలో తీసుకురావాలని, ఎనిమిదో నెలలో ప్రయాణం వద్దని అన్న మాట విమాన సంస్థల నిబంధనలకు ఇంత దగ్గరగా ఉండడం చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

మీ భర్త "నీ ఇష్టం" అంటున్నారని రాశారు. నాకు ఆ మాట నచ్చలేదు. అది ఔదార్యంలా వినిపిస్తుంది గాని, రేపు ఏది బెడిసినా నిర్ణయం మీదేనని మిగులుతుంది. ఆయనను కూర్చోబెట్టి వేరే ప్రశ్న అడగండి: "బిడ్డ పుట్టిన రోజున మీరు ఎక్కడ ఉండదలచుకున్నారు?" చెప్పిన తేదీకే పుట్టే బిడ్డలు చాలా తక్కువ. ఆయన మూడు వారాల సెలవుతో తెనాలి వస్తే, ఆ మూడు వారాలలోనే కాన్పు అవుతుందని ఎవరూ పూచీ పడలేరు. మ్యూనిక్‌లో ఆయన కాన్పు గదిలో మీ పక్కనే ఉండవచ్చు. మన దగ్గర చాలా ఆసుపత్రులలో భర్తను వరండాలోనే కూర్చోబెడతారు. తొలి కాన్పులో నా భర్త నాలుగో రోజున రైలు దిగి వచ్చి, చేతులు కడుక్కుని, బిడ్డను ఎలా ఎత్తుకోవాలో తెలియక నిలబడిపోయారు. ఆ కాలానికి అదే రివాజు గనుక మేమెవరమూ దాన్ని లోటుగా అనుకోలేదు. మీకు అలా అనుకోవలసిన అవసరం లేదు.

ఇప్పుడు మీకు నిద్ర పట్టనివ్వని ఆ మొదటి వారాల సంగతి. జర్మనీలో ప్రతి బాలింత ఇంటికి హేబామె వచ్చి చూసుకునే హక్కు ఉంది. హేబామె అంటే మంత్రసానే, కాని చదువుకుని, పరీక్ష రాసి, ప్రభుత్వ గుర్తింపు పొందిన మంత్రసాని. మొదటి 10 రోజులు రోజూ, ఆ తర్వాత బిడ్డకు 12 వారాలు వచ్చేవరకు అవసరాన్ని బట్టి ఆమె ఇంటికి వచ్చి కుట్లు చూస్తుంది, పాలు పట్టడం నేర్పుతుంది, బిడ్డ బరువు తూస్తుంది, బొడ్డు చూస్తుంది, ఖర్చు బీమాదే. మన వీధుల్లో కనుమరుగైన మంత్రసాని ఆ దేశంలో జీతం తీసుకుంటూ, కారులో వచ్చి తలుపు తడుతుందంటే మీ అమ్మగారు నమ్మకపోవచ్చు. చిక్కల్లా మ్యూనిక్‌లో హేబామెలు చాలినంతమంది లేకపోవడం. గర్భం నిలిచిందని తెలిసిన వారంలోనే మాట్లాడుకునేవారు చాలామంది. మీరు ఇప్పటికే ఆలస్యం చేశారు. ఇంగ్లీషు వచ్చినామె దొరికితే అదృష్టమే, దొరకకపోతే జర్మన్ మాత్రమే వచ్చినామెను కూడా వదులుకోకండి. కుట్లు చూడడానికి భాష ఎక్కువ అక్కరలేదు.

మీ భర్త ఎల్టర్న్‌గెల్డ్‌తో సెలవు తీసుకోవడానికి హక్కుదారు. 2024 ఏప్రిల్ 1 నుంచి పుట్టిన పిల్లల విషయంలో భార్యాభర్తలిద్దరూ ఒకేసారి పూర్తి భత్యం తీసుకోవడానికి తొలి ఏడాదిలో ఒక్క నెల మాత్రమే వీలుంది. ఆ ఒక్క నెలను బిడ్డ పుట్టిన నాటి నుంచే వాడుకోండి. తండ్రి కనీసం రెండు నెలలు తీసుకోవాలి గనుక రెండోది మీరు ఉద్యోగానికి తిరిగి వెళ్ళేటప్పుడు పనికి వస్తుంది. సెలవు సంగతి యజమానికి 7 వారాల ముందు చెప్పాలి. బిడ్డ పుట్టాక చూద్దామని ఊరుకుంటే అది దక్కదు.

అమ్మగారు మూడు నెలలు రాలేరు, నిజమే. మూడు వారాలు రాగలరా? జర్మనీకీ చాలా ఐరోపా దేశాలకూ చెల్లే షెంగెన్ వీసా 180 రోజులలో 90 రోజుల వరకు ఇస్తుంది గాని, 90 రోజులూ ఉండి తీరాలని నియమం లేదు. మీకు అన్నో తమ్ముడో ఉంటే, లేదా పగటి పూటకు ఒక మనిషిని కుదుర్చుకోగలిగితే, నాన్నగారిని ఆ 20 రోజులు చూసుకోవడం అసాధ్యం కాకపోవచ్చు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు గనుక ఇప్పుడే మొదలుపెట్టండి. ఆమె జూన్ మొదటి వారంలో వచ్చి బారసాల చేయించి వెళ్ళేటట్టు, ఆమె వెళ్ళే రోజుల్లో అత్తగారు వచ్చేటట్టు కుదిరితే అంతకంటే కావలసింది లేదు.

అమ్మగారు రావడం అసలే పడకపోతే అత్తగారినే రమ్మనండి. మీ బిడియం నాకు అర్థమవుతుంది. పాలు పడుతూ, నడుము పట్టేసి, ఏడుపు వచ్చినప్పుడు ఏడవగలిగేది అమ్మ దగ్గరే. అందుకని ఆమెకు ఏ పని, హేబామెకు ఏ పని, భర్తకు ఏ పని అన్నది ముందే విడదీయండి. మీ ఒంటికి సంబంధించినది హేబామె చూస్తుంది. రాత్రి బిడ్డను ఎత్తుకోవడం భర్త పని. వంటిల్లు, బిడ్డకు నూనె రాసి స్నానం చేయించడం అత్తగారివి. ఒంగోలు నుంచి వచ్చిన పెద్దావిడకు వంటింటి మీద అధికారం ఇస్తే మీ గది తలుపు మీద అధికారం అడగరు. పథ్యం విషయంలో మాత్రం వాదన తప్పదు: నీళ్ళు తాగనివ్వకపోవడం, పప్పు, పండ్లు, కూరలు పెట్టకపోవడం వంటివి వింటే పాలకే ముప్పు. కాయం, వెల్లుల్లి కారం, వాము పెడితే తినండి. సాంబ్రాణి ధూపం వేస్తే మాత్రం మీ ఇంటి పొగ హెచ్చరిక యంత్రం మోగి అపార్ట్‌మెంటంతా కిందికి దిగుతుంది, ఆ సంగతి ఆమెకు ముందే చెప్పండి.

బిడ్డ పుట్టాక కూడా దిగులు తగ్గకుండా, రెండు వారాలు దాటినా ఏడుపు ఆగకుండా, బిడ్డ మీద ధ్యాస నిలవకుండా ఉంటే దాన్ని బాలింత నీరసం కింద జమకట్టకుండా హేబామెతోనూ డాక్టరుతోనూ చెప్పాలి. ఇంతకుముందు మీకు అలాంటి మానసిక బాధ ఏదైనా కలిగి ఉంటే, నేను పైన రాసిన కాగితాల లెక్కలన్నిటినీ పక్కన పెట్టి అమ్మ దగ్గరికే వెళ్ళమంటాను. మీ భర్తకు శాశ్వత అనుమతి లేకపోయినా, ఆయన ఉద్యోగం నెలలో పదిహేను రోజులు ఊళ్ళు తిరిగేదైనా అంతే.

మ్యూనిక్‌లో ఉండిపోతే ఇప్పుడే మొదలుపెట్టవలసిన పని ఇంకొకటి ఉంది. బిడ్డ జననాన్ని నమోదు చేసే ష్టాండెస్‌అమ్ట్ కార్యాలయం మీ ఇద్దరి జనన ధ్రువపత్రాలు, వివాహ ధ్రువపత్రం, వాటికి అధికారిక అనువాదాలు అడుగుతుంది. మన పెళ్ళిళ్ళలో శుభలేఖ ఉంటుంది, వీడియో ఉంటుంది, రిజిస్ట్రారు పత్రం ఒక్కోసారి ఉండదు. పత్రాలలో మీ ఇంటిపేరు ఒక చోట పూర్తిగా, మరో చోట పొడి అక్షరంగా ఉంటే ఆ గుమాస్తాకు మీరొక్కరే ఇద్దరు వేర్వేరు మనుషులుగా కనిపిస్తారు. ఏమేమి కావాలో ఫిబ్రవరిలోనే వెళ్ళి అడిగి, తెనాలి నుంచి తెప్పించుకోండి. జనన పత్రం ఆలస్యమైతే బిడ్డ పాస్‌పోర్టు, దాని వెంట మీ తెనాలి ప్రయాణం రెండూ ఆగుతాయి.

ఆ ప్రయాణం సెప్టెంబరు చివరనో అక్టోబరులోనో పెట్టుకోండి. అప్పటికి బిడ్డకు నాలుగు నెలలు నిండుతాయి, జర్మనీలో రెండో నెలలోనూ నాలుగో నెలలోనూ వేసే టీకాలు పడి ఉంటాయి, కోస్తా ఎండలు తగ్గి ఉంటాయి. అసలు మే చివరి వారంలో రోహిణి కార్తె ఎండలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, తెనాలిలో పచ్చి బాలింతగా ఉండడమంటే ఏమిటో మీ అమ్మగారినే అడగండి. జర్మనీలో క్షయ నుంచి కాపాడే బీసీజీ టీకా మామూలుగా వేయరు. మన దేశంలో అన్నాళ్ళు ఉండబోతున్నారు గనుక దాని గురించి పిల్లల డాక్టరును ముందే సంప్రదించాలి. బిడ్డది జర్మన్ పాస్‌పోర్టు అవుతుంది గనుక దానికి భారత వీసా కావాలి, ఓసీఐ కోసం ఆగనక్కరలేదు. సంక్రాంతి వరకు ఉన్నా మీకు 6 నెలల గండం ఉండదు. అన్నప్రాశన అక్కడే చేయించవచ్చు, తాతగారు బిడ్డను ఒళ్ళో పెట్టుకోవచ్చు.

అమ్మగారికి ఫోనులో "నేను రావడం లేదు" అని మొదలుపెట్టకండి. "అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా నీ దగ్గరే ఉంటాను" అని మొదలుపెట్టి, కాన్పు సంగతి తర్వాత చెప్పండి. చలిమిడి పెట్టలేకపోయానన్న బాధ ఆమెకు మిగులుతుంది. ఎవరైనా తెనాలి నుంచి వస్తుంటే బెల్లం పాకం చలిమిడి డబ్బాలో పంపమనండి, నాలుగైదు రోజులు నిలుస్తుంది. ఈ ఉత్తరం చదవగానే మాత్రం ముందు మీ బీమా సంస్థకు ఫోను చేసి, మీ పేటలో ఖాళీగా ఉన్న హేబామెల జాబితా అడగండి.